పెళ్లి స్పీచ్ ఎన్ని నిమిషాలు? నిడివి లెక్కగట్టే సాధనాల్లో ఏది నమ్మాలి

అక్క రిసెప్షన్‌లో తమ్ముడు, కూతురి పెళ్లిలో తండ్రి, హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. మైకు ఎవరి చేతికి వచ్చినా ముందు పట్టుకునే బెంగ ఒకటే: ఎంతసేపు మాట్లాడాలి? ఆ బెంగ తీరుస్తామనే సాధనాలు ఇప్పుడు బోలెడున్నాయి. రాసుకున్నది అతికిస్తే నిమిషాలు చెప్పే వెబ్‌సైట్లు, పైకి చదివి వినిపించే గొంతులు, తెర మీద అక్షరాలు పైకి పాకించే టెలిప్రాంప్టర్ యాప్‌లు, రంగులు మార్చే టైమర్లు. చాలావరకు ఉచితమే. కాకపోతే వీటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ల కోసం తయారైనవి. తెలుగు స్పీచ్‌కి అవి ఎక్కడ సాయపడతాయి, ఎక్కడ ముంచుతాయి అన్నదే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాం: మీ ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్, స్టాప్‌వాచ్, ఈ రెండింటికి మించినవి లేవు. మిగతావి ఎందుకు వెనకబడ్డాయో చూస్తే ఈ రెండింటినీ ఎలా వాడాలో కూడా అర్థమవుతుంది.

ముందు లక్ష్యం తేల్చుకోవాలి

సాధనం నిడివిని కొలుస్తుందంతే, ఎంత ఉండాలో చెప్పదు. అది చెప్పేది మీరు మాట్లాడే చోటు.

పెళ్లి విందు దగ్గర వరసగా స్పీచ్‌లు ఇవ్వడం ఇంగ్లండ్ ఆచారం. మొదట పెళ్లికూతురి తండ్రి, తర్వాత పెళ్లికొడుకు, చివరికి బెస్ట్ మ్యాన్, అంటే పెళ్లికొడుక్కి తోడుగా నిలబడే దగ్గరి స్నేహితుడు. అందరూ కుర్చీల్లో ఉంటారు, చేతిలో గ్లాసు ఉంటుంది, ఆ సమయం వినడానికే కేటాయించి ఉంటుంది. అందుకే అక్కడ బెస్ట్ మ్యాన్ ఏడెనిమిది నిమిషాలు మాట్లాడినా చెల్లుతుంది. అమెరికాలో దాన్నే కుదించి టోస్ట్ అంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో జరిగే తెలుగువాళ్ల రిసెప్షన్లలోకి వచ్చింది ఈ పద్ధతే. వధూవరుల ఎంట్రీ, స్పీచ్‌లు, కేకు, డాన్సు, భోజనం అని నిమిషాలతో సహా రాసిన కాగితం ఎంసీ (మైకు పట్టుకుని కార్యక్రమం నడిపే మనిషి) చేతిలో ఉంటుంది. అలాంటి చోట మనిషికి ఐదు నిమిషాలు, నలుగురికి మించకుండా, మొత్తం కలిపి ఇరవై నిమిషాలు సరిపోతుంది. ఐదో మనిషిని చేర్చారంటే పిల్లలు ఆకలికి ఏడవడం మొదలవుతుంది, కేటరింగ్ వాళ్లు మూతలు తీయాలా వద్దా అని తలుపు దగ్గర నిలబడి చూస్తుంటారు.

హైదరాబాద్, విజయవాడ ఫంక్షన్ హాళ్లలో జరిగే రిసెప్షన్ సంగతి వేరు. జనం అక్షింతలు వేసి ఫొటో దిగడానికి స్టేజి కింద వరసలో నిలబడి ఉంటారు, సగం మంది భోజనాల దగ్గర ఉంటారు. మీరు మాట్లాడినంతసేపూ ఆ వరస కదలదు. చీరలు సర్దుకుంటూ, చంటిబిడ్డల్ని భుజాలు మార్చుకుంటూ నిలబడిన వాళ్లను ఐదు నిమిషాలు ఆపడం న్యాయం కాదు. ఇక్కడ రెండు నిమిషాలు, మహా అయితే మూడు. వీలైతే వరస మొదలవక ముందే, వధూవరులు స్టేజి ఎక్కిన వెంటనే మైకు అడిగి తీసుకోండి. ఇక జీలకర్ర బెల్లం వేళ మైకు పురోహితుడిది, అక్కడ స్పీచ్ ఊసే ఎత్తకూడదు. రెండు వైపులవాళ్లూ ఆటపట్టించుకునే సరదా మాటలకు ఎదురుకోలు మంచి చోటు. దానికి కాగితం కూడా అక్కర్లేదు.

మనకు స్పీచ్ కొత్త కావచ్చు గానీ కొలత కొత్త కాదు. పెళ్లిలో పద్యాలు చదివి, అచ్చువేయించి, ఫ్రేము కట్టించి కొత్త దంపతుల చేతికిచ్చే పంచరత్నాల అలవాటు మన ఇళ్లలో ఉండేది. పద్యాలు ఐదు. నిదానంగా చదివితే పద్యానికి ఇరవై సెకన్లు, రాగం తీస్తే అరనిమిషం. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. అప్పటివాళ్ల చేతిలో స్టాప్‌వాచ్ లేకపోయినా కొలత సరిగ్గానే పెట్టుకున్నారు.

మాటలు లెక్కపెట్టే వెబ్‌సైట్లు: 5కి 1

నెట్‌లో వెతికితే మొదట కనపడేవి ఇవే. స్పీచ్ మొత్తం కాపీ చేసి పెట్టెలో అతికిస్తే "మీ ప్రసంగం 4 నిమిషాలు" అని చెప్తాయి. లోపల జరిగేది ఒక భాగహారం. ఖాళీల మధ్య ఉన్న మాటల్ని లెక్కపెట్టి, నిమిషానికి మాట్లాడే మాటల సంఖ్యతో భాగిస్తాయి. ఆ సంఖ్య సాధారణంగా 130 దగ్గర ఉంటుంది. అది ఇంగ్లీషు మాటల లెక్క. తెలుగుకి అది అతకదు. ఎందుకో ఒక వాక్యం తీసుకుని చూడండి.

"మా అక్క పెళ్లికి వచ్చినవాళ్లందరికీ నమస్కారం."

ఇందులో మాటలు ఐదు. 130 లెక్కన వెబ్‌సైట్ దీనికి ఇచ్చే సమయం రెండు సెకన్ల పైచిలుకు. అక్షరాలు లెక్కపెట్టండి: మా ఒకటి, అక్క రెండు, పెళ్లికి మూడు, వచ్చినవాళ్లందరికీ ఎనిమిది, నమస్కారం నాలుగు. మొత్తం పద్దెనిమిది. మైకులో హడావిడి లేకుండా పలికితే నాలుగు సెకన్ల దాకా పడుతుంది. అంటే వెబ్‌సైట్ చెప్పినదానికి దాదాపు రెట్టింపు. ఇంగ్లీషులో విడివిడిగా నిలబడే చిన్న మాటల్ని మనం విభక్తులుగా, ప్రత్యయాలుగా వెనక తగిలిస్తాం. అందుకే మన మాటలు తక్కువగా, పొడుగ్గా ఉంటాయి. పైగా "వచ్చిన వాళ్లందరికీ" అని విడదీసి రాస్తే మాటలు ఆరవుతాయి, వెబ్‌సైట్ సమయం పెంచేస్తుంది. నోటికి పట్టే సమయం మాత్రం అంతే. రాసే అలవాటుని బట్టి మారిపోయే లెక్కని నమ్ముకుని స్టేజి ఎక్కకూడదు.

మాటలు కాకుండా క్యారెక్టర్లు లెక్కపెట్టే సైట్లు కొన్ని ఉన్నాయి. అవి ఇంకో రకంగా తప్పుతాయి. కంప్యూటర్ లెక్కలో "పెళ్లి" అంటే రెండక్షరాలు కాదు, ఆరు క్యారెక్టర్లు: ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి. "స్త్రీ" నోటికి ఒక్కటే అక్షరం, అదీ ఆరే. ఒత్తులు ఎక్కువున్న స్పీచ్ నిడివి ఉన్నదానికన్నా చాలా పెద్దదిగా కనపడుతుంది.

ఈ తేడా స్పీచ్ మొత్తానికి ఎంతవుతుందో చూడండి. తెలుగులో 100 మాటలు చదవడానికి మీకు 70 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 86 మాటలు. వెబ్‌సైట్ మాట విని నాలుగు నిమిషాలకు 520 మాటలు రాసుకున్నారు. మీ వేగంతో అది ఆరు నిమిషాలు. నవ్వులు, చప్పట్లు, మధ్యలో గుర్తొచ్చి కలిపిన ఒక ముక్క చేరితే ఏడు. మీ తర్వాత మాట్లాడాల్సిన పెళ్లికూతురి మేనమామ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఒక్క మార్కు ఎందుకిచ్చామంటే, కొన్ని సైట్లలో నిమిషానికి ఎన్ని మాటలో మనమే మార్చుకోవచ్చు. మీ వేగం తెలిశాక ఆ గడిలో 86 వేసుకుంటే లెక్క దారికొస్తుంది. కానీ మీ వేగం తెలుసుకోవాలంటే ఎలాగూ రికార్డరే కావాలి. అది తెలిశాక గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే వచ్చే మాటల సంఖ్య చాలు, వేరే సైటు అక్కర్లేదు.

పైకి చదివే గొంతులు: 5కి 2

మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్ నొక్కితే మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వాళ్ల తెలుగు గొంతు ఉంది. మీరు రాసింది ఇంకొకరి నోట వినడం చాలా మంచిది. ఒకే మాట మూడుసార్లు వచ్చినా, వాక్యం మధ్యలో ఊపిరి అందకపోయినా చెవికి వెంటనే దొరికిపోతుంది. "ఆమె యొక్క", "మరియు" లాంటివి రాతలో దాక్కుంటాయి, వినగానే అవి ఎవరూ మాట్లాడని మాటలని తెలిసిపోతుంది.

నిడివికి మాత్రం ఈ గొంతులు పనికిరావు. నవ్వు కోసం ఆగవు, గొంతు బొంగురుపోదు, తాతగారి పేరు వచ్చినప్పుడు నెమ్మదించవు. అవి తీసుకున్న సమయాన్ని కనీస సమయం అనుకోండి. వేగం ఒకటి దగ్గర పెట్టి వింటే మూడున్నర నిమిషాలు వచ్చిందంటే, మీ నోట నాలుగున్నర అవుతుందనుకుని అక్కడినుంచి కోత మొదలుపెట్టండి. ఇంకో చిక్కు, స్పీచ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా రాసుకునేవాళ్లకు ఈ దారి పనిచేయదు. తెలుగు గొంతు దాన్ని ఇంగ్లీషు అనుకుని చదువుతుంది.

స్పీచ్ రాసిచ్చే ఏఐ చాట్‌ల సంగతీ ఇక్కడే. "ఐదు నిమిషాల తెలుగు స్పీచ్ రాయి" అంటే అవి ఇచ్చేదానికి ఐదు నిమిషాలతో సంబంధం ఉండకపోవచ్చు, దాన్ని అవి పలికి చూసుకోవు కాబట్టి. భాష కూడా ఆహ్వాన పత్రికలా వస్తుంది. "ఈ శుభ తరుణంలో" అంటూ మొదలయ్యే మొదటి పేరా, "నిండు నూరేళ్లు" ఉన్న చివరి పేరా తీసేస్తే మధ్యలో మీ అక్క ఉండదు. సంఘటనలు మీరు చెప్పి, క్రమం మాత్రం దాన్ని అడగండి. కొలిచేది మీరే.

టెలిప్రాంప్టర్ యాప్‌లు: 5కి 1.5

ఫోన్‌ని స్టాండులో పెట్టి వీడియో తీసుకోవడానికి ఇవి బాగుంటాయి. పెళ్లి స్టేజి మీద ఎందుకు దెబ్బతింటాయంటే, అక్షరాలు ఒకే వేగంతో పైకి పోతూ ఉంటాయి, జనం మాత్రం ఒకే వేగంతో నవ్వరు. మంచి జోకు పేలి పది సెకన్లు నవ్వారంటే ఆ పది సెకన్లలో రెండు మూడు వాక్యాలు తెర దాటిపోతాయి. వేలితో వెనక్కి లాగుతూ తల దించుకుంటారు, నవ్విన జనం మీ ముఖం చూడాలనుకుంటున్న ఆ క్షణంలోనే. వేగం నిమిషానికి ఇన్ని మాటలని అడిగే యాప్‌ల్లో పైన చెప్పిన తప్పే మళ్లీ జరుగుతుంది. తెలుగు అక్షరాలకు వరసల మధ్య దూరం చాలకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. వేదిక లైట్లు ఫోన్ అద్దం మీద పడితే అసలేమీ కనపడదు.

తప్పదు, ఇదే వాడతామంటే ముట్టుకుంటే ఆగే యాప్ ఎంచుకుని, అక్షరాల పరిమాణం పెంచి, ప్రతి నవ్వు చోటా ఆరేడు ఖాళీ వరసలు వదలండి.

రంగుల టైమర్: 5కి 4

ఇది నలుగురిలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ అది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ క్లబ్బులున్నాయి. అక్కడ ప్రతి సమావేశంలో టైమర్ అని ఒక మనిషి ఉంటాడు. మామూలు ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. 5 కాగానే పచ్చ, 6 కాగానే పసుపు, 7 కాగానే ఎరుపు చూపిస్తాడు. పోటీల్లో అయితే నాలుగున్నర నిమిషాలకు తగ్గినా, ఏడున్నర దాటినా అనర్హులే. మాట్లాడేవాడికి అంకెలు చదివే పని లేకుండా రంగు కంటి చివర తగిలేలా చేయడంలోనే దీని బలమంతా ఉంది.

పెళ్లికి ఇదే పద్ధతిని చిన్నది చేసుకోండి. ఐదు నిమిషాల స్పీచ్‌కి మూడు దగ్గర పచ్చ, నాలుగు దగ్గర పసుపు, ఐదు దగ్గర ఎరుపు. తెర మొత్తం రంగు మారే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఆ ఫోన్‌ని ముందు వరసలో కూర్చునే బావగారి చేతికో పిన్ని చేతికో ఇవ్వాలి. యాప్ కుదరకపోతే మూడు రంగుల చార్టు ముక్కలు చాలు. పసుపు అంటే "ఇంకో కథ మొదలుపెట్టకు", ఎరుపు అంటే "ఇప్పుడున్న వాక్యం ముగించి ఆశీస్సులు చెప్పు" అని ముందే మాట్లాడుకోండి. పట్టుకునే మనిషి భోజనాలు చూసుకునేవాళ్లు, వీడియోగ్రాఫర్‌కి ఏర్పాట్లు చూసేవాళ్లు కాకూడదు. సరిగ్గా నాలుగో నిమిషంలో వాళ్లని ఎవరో పిలుస్తారు. అదొక్కటే దీని లోపం. ఒక మార్కు అక్కడ పోయింది.

వాయిస్ రికార్డర్: 5కి 5

వాడే పద్ధతిలో ఉంది దీని విలువంతా. మంచం మీద కూర్చుని పెదవులు కదుపుతూ చదివితే వచ్చే సమయం అబద్ధం. స్టేజి మీద పట్టే సమయం కన్నా చాలా తక్కువ చూపిస్తుంది.

మొదట మీ వేగం కొలవండి. స్పీచ్‌లోంచి సరిగ్గా 100 మాటలున్న ముక్క తీసుకుని, నిలబడి, గది అవతలి మూల ఉన్న మనిషికి వినపడేటంత గొంతుతో చదివి రికార్డ్ చేయండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 6000ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి మీ మాటలు వస్తాయి. ఇది మనిషికీ మనిషికీ మారుతుంది. వేగంగా మాట్లాడే పాతికేళ్ల తమ్ముడికీ, ఆచితూచి మాట్లాడే అరవై ఏళ్ల నాన్నగారికీ ఒకే కాగితం ఒకే నిడివి ఇవ్వదు. నాన్నగారి స్పీచ్ మీరు రాసిపెడుతుంటే ఆయన చేతే చదివించి కొలవాలి, మీ వేగంతో కాదు.

తర్వాత మొత్తం స్పీచ్ మూడుసార్లు రికార్డ్ చేయండి. చేతిలో మైకు బదులు దువ్వెనో చిన్న నీళ్ల సీసానో పట్టుకోండి. ఒక చెయ్యి మైకుకి పోతే రెండో చేత్తో కాగితాలు తిప్పడానికి ఎంత ఇబ్బందో అప్పుడే తెలుస్తుంది. నవ్వుతారనుకున్న చోట మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి ఆగండి. మూడింటిలో ఎక్కువసేపు వచ్చినదాన్నే తీసుకోండి. సగటు వద్దు. పెళ్లిరోజు మీరు చేసేది మీ నెమ్మదైన ప్రయత్నానికే దగ్గరగా ఉంటుంది.

కంగారులో వేగంగా మాట్లాడేస్తాం కదా, సమయం తగ్గాలి కదా అనిపిస్తుంది. వాక్యాలు వేగంగా వస్తాయి, నిజమే. కానీ పెరిగేవి వేరే ఉన్నాయి: మైకు పనిచేస్తోందో లేదో అని తట్టి చూడటం, "వెనక వినపడుతోందా" అనడం, స్టేజి మీదున్న పెద్దల్ని చూసి రాసుకోని పలకరింపు ఒకటి కలపడం, కళ్లనీళ్లు తిరిగి గొంతు సర్దుకోవడం. పెద్ద హాల్లో గోడల నుంచి గొంతు తిరిగొస్తుంటే ప్రతి వాక్యం చివరా ఒక క్షణం ఆగాల్సి వస్తుంది. ఇవన్నీ కలిస్తే నిమిషం ఇట్టే అయిపోతుంది. అందుకే ఐదు నిమిషాలు ఇచ్చారంటే ఇంట్లో నాలుగు దాటకూడదు. మూడు ఇచ్చారంటే రెండుంపావు.

రికార్డింగ్ వినేటప్పుడు చేతిలో పెన్సిలు ఉండాలి. ఎక్కడెక్కడ సమయం పోతోందో వరసగా దొరుకుతుంది. అన్నింటికన్నా పెద్ద దొంగ సంబోధన. "వేదికనలంకరించిన పెద్దలకు, మా పెదనాన్నగారికి, ఫలానా మామయ్యగారికి" అంటూ పన్నెండు పేర్లు చదివితే పేరుకి మూడు నాలుగు సెకన్లు, అక్కడే నలభై సెకన్లు. ఒక పేరు మర్చిపోతే ఆ కుటుంబంతో ఆరు నెలలు మాటలుండవు. "ఇక్కడున్న పెద్దలందరికీ నమస్కారం" అంటే ఎవరూ బయట ఉండరు, మూడు సెకన్లలో అయిపోతుంది. రెండో దొంగ మీకు మాత్రమే తెలిసిన కాలేజీ కథ. అందులో ఉన్న నలుగురికీ నవ్వొస్తుంది, మిగతా మూడు వందల మందికీ ఆ నలుగురూ ఎవరో చెప్పడానికే నిమిషం పోతుంది. మనుషుల్ని పరిచయం చేయకుండా చెప్పగలిగిన సంఘటనే ఉంచండి. మూడోది పద్యం. రాగం తీసి చదివితే దానికి అరనిమిషం వేరుగా తీసిపెట్టుకోవాలి. ఒక్కటి చాలు, అదీ చివర్లో.

రెండు భాషల పెళ్లి అయితే లెక్క మారిపోతుంది. అల్లుడు అమెరికన్, వియ్యంకులకు తెలుగు రాదు. ప్రతి వాక్యాన్నీ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్తే ఐదు నిమిషాలు పది అవుతాయి, ఎప్పుడూ సగం హాలు ఎదురుచూస్తూనే ఉంటుంది. పంచుకోండి: మీ ఇంటి సంగతి తెలుగులో, అల్లుడి సంగతి, వియ్యంకులకు స్వాగతం ఇంగ్లీషులో. అప్పుడు రెండు భాగాల్నీ విడివిడిగా రికార్డ్ చేసి కూడాలి, మీ తెలుగు వేగం, ఇంగ్లీషు వేగం ఒకటి కావు.

వెనక తెర మీద ఫొటోలు వేస్తూ మాట్లాడాలనుకునేవాళ్లకు పవర్‌పాయింట్‌లో రిహార్స్ టైమింగ్స్ అనే మీట ఉంది. స్లైడ్లు తిప్పుతూ చదివితే మొత్తం సమయం, ఒక్కో స్లైడుకి పట్టిన సమయం కూడా చెప్తుంది. ముప్ఫై ఫొటోలు, ఒక్కోటి ఐదు సెకన్లు అంటే రెండున్నర నిమిషాలు అవే తినేస్తాయి. పన్నెండుకి తగ్గించండి.

స్టేజి మీద స్టాప్‌వాచ్, చేతిలో కార్డులు

ఆ రోజు సమయం చూసుకోవడానికి ఫోన్‌లో టైమర్ కాకుండా స్టాప్‌వాచ్ వాడండి. ఇది చిన్న తేడాలా ఉంటుంది గానీ చాలా ఇబ్బందుల్లో పడేస్తుంది. ఐఫోన్ సైలెంట్‌లో ఉన్నా టైమర్ పూర్తయితే మోగుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ రింగు తగ్గించినంత మాత్రాన అలారం శబ్దం తగ్గదు, దాని మీట వేరు. "మా చెల్లిని కన్నీళ్లు పెట్టనివ్వకు బావా" అనే వాక్యం మధ్యలో ఆ మోత నేరుగా మైకులోకి వెళ్తుంది. స్టాప్‌వాచ్ ఎప్పటికీ మోగదు, అంకెలు పెరుగుతూ ఉంటాయంతే. మైకు తీసుకునే ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, పార్కింగ్ దగ్గరున్న బంధువు సరిగ్గా అప్పుడే దారి అడగడానికి ఫోన్ చేస్తాడు. తెర తనంతట తాను ఆరిపోకుండా ఐఫోన్‌లో ఆటో లాక్, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ టైమౌట్ కనీసం ఐదు నిమిషాలకు మార్చుకోండి. స్మార్ట్‌వాచ్ ఉన్నవాళ్లకు ఇంకా సులువు: శబ్దం ఆపేసి, నాలుగు నిమిషాలకు మణికట్టు మీద కదలిక మాత్రమే వచ్చేలా పెట్టుకోవచ్చు, ఎవరికీ తెలియదు.

స్పీచ్‌ని ఏ4 కాగితం మీద రాయకండి. చెయ్యి వణికితే పెద్ద కాగితం ఇంకా ఎక్కువ వణుకుతుంది, ఆ గరగర మైకులో వినపడుతుంది. పోస్టుకార్డు అంత మందపాటి కార్డులు నాలుగు చాలు, నిమిషానికి ఒకటి చొప్పున. అప్పుడు కార్డే గడియారమవుతుంది. రెండో కార్డు తిప్పేటప్పటికి స్టాప్‌వాచ్ రెండు నిమిషాల దగ్గర ఉంటే దారిలో ఉన్నట్టు, మూడు దాటితే ఒక ముక్క వదిలేయాలి. ప్రింటు తీస్తే మండలి లాంటి మామూలు ఫాంటు, 18 సైజు, వరసల మధ్య ఒకటిన్నర దూరం పెట్టండి, ఒత్తులు కింది వరసలో కలవకుండా. ముఖ్యమైన మాటల్ని ఎర్ర సిరాతో రాయడం చాలామందికి అలవాటు. స్టేజి మీద ఎరుపు లైటు పడితే ఆ మాటలే కనపడకుండా పోతాయి. నలుపు సిరాతో రాసి కింద గీత గీయండి. కార్డుల మీద మూలన 1, 2, 3, 4 అని పెద్దగా వేసి, ఒక మూల చిల్లు పెట్టి దారం కట్టండి, కిందపడినా వరస చెదరదు.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, గడ్డానికి కొంచెం కిందగా పట్టుకోండి. కార్డు చూడటానికి తల దించినప్పుడు మైకు కూడా నోటితోపాటు కదలాలి, లేకపోతే చదివిన వాక్యాలు వినపడక మళ్లీ చెప్పాల్సి వస్తుంది. అదీ సమయమే.

పెళ్లిలో ఏదీ చెప్పిన వేళకి జరగదు. ఊరేగింపు ఆలస్యమై, ఎంసీ వచ్చి చెవిలో "రెండు నిమిషాల్లో ముగించండి" అంటాడు. అందుకని ముందురోజు రాత్రే మూడో కార్డు పక్కన పెన్సిలుతో నిలువు గీత గీసి పెట్టుకోండి. అది వదిలేయగల కార్డు, సాధారణంగా రెండో సంఘటన ఉండేది అందులోనే. రెండో కార్డు చివరి వాక్యం నుంచి నాలుగో కార్డు మొదటి వాక్యంలోకి నేరుగా దూకితే అర్థం అతుకుతోందో లేదో ఒక్కసారి పైకి చదివి రికార్డ్ చేసి వినండి. అతకకపోతే నాలుగో కార్డు మొదట్లో ఒక మాట మార్చండి. నాలుగో కార్డు మాత్రం ఎప్పుడూ వదలకూడదు, అక్కపేరు, బావపేరు కలిపి పలికేది అక్కడే.